ధర చీటీ మీద లేని వాట్లు



ఎప్‌సెట్ కౌన్సెలింగ్ పూర్తయి, ఇంజనీరింగ్ కాలేజీల్లో సీట్లు ఖాయమయ్యే రోజుల్లో మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. అబ్బాయికో అమ్మాయికో ల్యాప్‌టాప్ కొనాలి. చదువుకు కాబట్టి ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పరు. రెండు రోజులు పోయాక అసలు కోరిక బయటికి వస్తుంది. మామూలుది కాదు, గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి. మామూలుది 40, 45 వేలల్లో దొరుకుతుంటే ఇది 70 వేల మాట. ఒకపక్క కాలేజీ ఫీజు, ఇంకోపక్క హాస్టల్ ఖర్చు. ఇంట్లో నాన్న లెక్కలు వేసుకుంటాడు, అమ్మ మధ్యలో సర్దిచెబుతుంది, చివరికి ఎలాగో సరే అనుకుంటారు. అలా సరే అనుకున్న డబ్బు సరైన వస్తువు మీదే పడాలన్నది నా తపన. ఎందుకంటే ఈ బజారులో ఒకే పేరుతో, ఇంచుమించు ఒకే ధరకు, సగం బలం ఉన్న మెషీన్ కూడా అమ్ముడుపోతోంది.

ముందుగా అమ్మానాన్నలకు ఒక మాట. ఆటల కోసం అడుగుతున్నారని తెలిస్తే పిల్లల మీద కోప్పడకండి. కోప్పడితే వాళ్లు దాస్తారు. దాస్తే కొట్లో కూడా "చదువుకండీ" అనే చెబుతారు. కొట్టువాడు ఆ మాట విని సన్నగా, తేలిగ్గా ఉన్నదేదో చేతిలో పెడతాడు. అది చదువుకు సరిపోతుంది, ఆటకు చాలదు, ఆరు నెలలకే ఇంట్లో మళ్లీ గొడవ. దేనికి కొంటున్నామో పైకి చెప్పుకున్న ఇంట్లోనే కొనుగోలు సరిగ్గా జరుగుతుంది. పైగా ఆటలు నడిపే గ్రాఫిక్స్ కార్డే త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌కు, వీడియో ఎడిటింగ్‌కు పనికొస్తుంది. మెషీన్ లెర్నింగ్ పాఠాలకు వాడే కుడా ప్రోగ్రాములు నడిచేది ఎన్‌విడియా కార్డు మీదే. కాబట్టి ఈ డబ్బు ఆటకే పోతోందని బాధపడనక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలతో మాట్లాడతాను. కాగితం, కలం దగ్గర పెట్టుకుని, మీరు నిజంగా ఆడే ఆటల పేర్లు రాయండి. ఆడాలని కలగనేవి కాదు, ఈ ఏడాది ఆడేవి. అందులో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, మైన్‌క్రాఫ్ట్ లాంటివే ఉంటే మీకు పెద్ద కార్డు అక్కర్లేదు. వాలరెంట్‌ను 2020లో విడుదల చేసినప్పుడే పాత, చిన్న కంప్యూటర్ల మీద కూడా నడిచేలా తయారుచేశారు. జీటీఏ ఫైవ్ పీసీ మీదికి వచ్చింది 2015లో, ఇవాళ్టి ఏ గేమింగ్ ల్యాప్‌టాప్‌కైనా అది తేలికే. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడంప్షన్ 2 లాంటివి రాస్తే అప్పుడు కార్డు గురించి గట్టిగా ఆలోచించాలి. చాలామంది జీటీఏ సిక్స్ కోసం అంటారు. ఆ ఆటను కంపెనీ ప్రకటించింది ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకే. పీసీకి ఎప్పుడొస్తుందో చెప్పలేదు. రాని ఆట కోసం ఇవాళ 20 వేలు ఎక్కువ పెట్టకండి.

బడ్జెట్ తక్కువున్నప్పుడు నేను నమ్మే సూత్రం ఒకటే. తర్వాత మార్చుకోలేని వాటి మీద డబ్బు పెట్టాలి, మార్చుకోగలిగిన వాటి దగ్గర మిగుల్చుకోవాలి. ఇంటి స్థలం కొనేటప్పుడు మనం చేసేది అదే కదా. గది తర్వాత వేసుకోవచ్చు, వీధి వెడల్పు మాత్రం మన చేతిలో ఉండదు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటాయి. స్క్రీన్ మార్చడం ఖర్చుతో కూడిన పని. లోపలి వేడిని బయటికి పంపే ఏర్పాటు కంపెనీ ఎలా పెట్టిందో అలాగే ఉంటుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ మాత్రం చాలా మోడళ్లలో తర్వాత వేయించుకోవచ్చు. ఇంత తెలిసీ కొట్టుకు వెళ్లేసరికి మనం అడిగేది ఏమిటి? "ఎన్ని జీబీ ర్యామ్? ఎంత స్టోరేజి? ఐ-సెవెనేనా?" మార్చుకోగలిగిన వాటి గురించే మొదటి ప్రశ్నలు.

ఆ ఐ-సెవెన్ సంగతి ముందు తేల్చేద్దాం. మన ఇళ్లలో ఐ-సెవెన్ అంటే ఒక గౌరవం. ఐ-ఫైవ్ అంటే ఏదో తక్కువ కొంటున్నామన్న బాధ. కంపెనీలకు ఇది తెలుసు. అందుకే ఒకే ధరలో రెండు మెషీన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో ఐ-సెవెన్‌తో ఆర్‌టీఎక్స్ 3050 కార్డు, ఇంకోదాంట్లో ఐ-ఫైవ్‌తో ఆర్‌టీఎక్స్ 4050. ఆటకు రెండోదే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. ఆటలో బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఇంటెల్ ఐ-ఫైవ్ 12450హెచ్, 13420హెచ్ అనే చిప్‌లు బడ్జెట్ మోడళ్లలో తరచుగా కనిపిస్తాయి. రెండింట్లోనూ 8 కోర్లు ఉన్నాయి. ఈ ధరలో దొరికే కార్డులకు అవి చాలు. పేరు చివర అక్షరం మాత్రం చూసుకోండి. హెచ్ అంటే బలమైన రకం. యూ అంటే కరెంటు పొదుపు చేసే రకం, అది గేమింగ్‌కు కాదు.

ఏఎమ్‌డీ రైజెన్ కొనేవాళ్లు అంకెలు ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి. 7000 వరసలో చిప్ ఏ తరందో చెప్పేది మొదటి అంకె కాదు, మూడో అంకె. 7535లో మూడో అంకె 3, అంటే అది జెన్ 3 తరం. 7640లో అది 4, అంటే జెన్ 4. రెండింటికీ ముందు 7 ఉంటుంది కాబట్టి ఒకే ఏడాది సరుకు అనిపిస్తుంది. పాత తరం చిప్ పనికిరాదని నేననడం లేదు. పాతదానికి కొత్తదాని ధర ఇవ్వొద్దంటున్నాను. ఇంకో సంగతి. రైజెన్ 7 7435హెచ్ఎస్ అనే చిప్‌తో కొన్ని మోడళ్లు చవగ్గా వస్తున్నాయి. వేగానికి ఢోకా లేదు. కానీ ఆ చిప్‌లో సొంత గ్రాఫిక్స్ లేదు. అంటే క్లాసులో కూర్చుని నోట్సు రాసుకుంటున్నా, పీడీఎఫ్ చదువుతున్నా తెర మీద బొమ్మ చూపించడానికి ఆ పెద్ద కార్డే పనిచేస్తూ ఉండాలి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఇంట్లోనో హాస్టల్లోనో బల్ల మీద పెట్టి, ఛార్జర్ తగిలించి వాడుకునేవాళ్లకు అది మంచి బేరమే. రోజూ కాలేజీకి మోసుకెళ్లేవాళ్లకు కాదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు. దీని దగ్గర కాసేపు ఆగాలి.

కార్డుకు సొంత మెమరీ ఉంటుంది, దాన్ని వీర్యామ్ అంటారు. ఆటలోని గోడలు, నేల, ముఖాలు, బట్టల బొమ్మలన్నీ ఆ మెమరీలో కూర్చోవాలి. అక్కడ చోటు చాలకపోతే కొన్నిటిని మామూలు ర్యామ్‌లోకి నెట్టి, అవసరమైనప్పుడల్లా తెచ్చుకుంటుంది. అలా తెచ్చుకునే ప్రతిసారీ ఆట ఒక్క క్షణం ఆగి కదులుతుంది. పిల్లలు "ల్యాగ్ కొడుతోంది" అనేది చాలాసార్లు దీన్నే. ఆర్‌టీఎక్స్ 2050లో ఉన్నది 4 జీబీ. 2021లో వచ్చిన 3050లో కూడా 4 జీబీయే. తర్వాత అదే 3050ను 6 జీబీతో మళ్లీ తెచ్చారు. పేరు మారలేదు. కొట్లో "3050 అండీ" అంటే సరిపోదు, "4 జీబీయా, 6 జీబీయా?" అని అడగాలి. 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ ఉంటాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు కనీసం 8 జీబీ వీర్యామ్ కావాలని తయారీదారులే చెప్పారు. అన్ని ఆటలూ అలా లేవు, కానీ గాలి అటే వీస్తోంది. నాలుగేళ్ల బీటెక్ నడవాల్సిన మెషీన్‌కు 4 జీబీ కార్డు ఇవాళ కొనడం నాకు సమ్మతం కాదు. డబ్బు మరీ తక్కువై, చిన్న ఆటలే ఆడేవాళ్లకైతే సరే.

మెమరీ సంగతి కనీసం కొన్ని చీటీల మీదైనా ఉంటుంది. వాట్ల సంగతి అదీ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు ఎంత కరెంటు తీసుకోగలదో దాన్నిబట్టే దాని బలం. ల్యాప్‌టాప్‌లో ఆ హద్దును నిర్ణయించేది కార్డు తయారుచేసిన ఎన్‌విడియా కాదు, ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ. 4050, 4060 కార్డులను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చని ఎన్‌విడియా వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి పెట్టె సన్నగా, అందంగా ఉండాలనుకున్న కంపెనీ 45 వాట్లు పెడుతుంది. మందంగా, పెద్ద ఫ్యాన్లతో చేసిన కంపెనీ 95, 100 పెడుతుంది. రెండిటి మీదా ఒకే స్టిక్కరు, ఆర్‌టీఎక్స్ 4050. ఇంటికి తెచ్చాక ఆటలో మాత్రం పెద్ద తేడా. 45 వాట్ల 4060 కంటే 100 వాట్లు దాటిన 4050 చాలా ఆటల్లో వెనకబడదు. పెద్ద నెంబరుకు ఎక్కువ డబ్బిచ్చి కూడా ఏమీ మిగుల్చుకోని కొనుగోలు అది.

2021కి ముందు తక్కువ వాట్ల కార్డులకు మ్యాక్స్-క్యూ అని విడిగా పేరుండేది. పేరు చూస్తే తెలిసిపోయేది. ఆ ఏడాది నుంచి ఆ తేడా పేర్లలోంచి పోయింది. ఇప్పుడు వాట్లు తెలియాలంటే కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ పూర్తి వివరాల పేజీకి వెళ్లి, గ్రాఫిక్స్ అన్నచోట టీజీపీ అనో, మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అనో రాసి ఉందేమో చూడాలి. కొట్లో మెషీన్ ఆన్ చేసి ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ చూడండి, అక్కడ కనబడుతుంది. ఎక్కడా దొరక్కపోతే ఛార్జర్ తిప్పి చూడండి. దాని మీద ఎన్ని వాట్లో అచ్చు వేసి ఉంటుంది. 120 వాట్ల ఛార్జర్‌తో వచ్చిన మెషీన్‌లో ప్రాసెసర్, స్క్రీన్, ఫ్యాన్లు అన్నీ అందులోంచే తాగాలి. కార్డుకు 100 వాట్లు ఎక్కడ మిగులుతాయి? 180, 200, 230 అని కనిపిస్తే నమ్మకం పెట్టుకోవచ్చు.

ఛార్జర్ చేతిలోకి తీసుకున్నారు కాబట్టి ప్లగ్ కూడా చూడండి. కొన్ని గేమింగ్ మోడళ్లకు ఏసీకో గీజర్‌కో ఉన్నట్టు లావు పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్ వస్తుంది. హాస్టల్ గదిలో మంచం పక్కనుండే చిన్న సాకెట్లో అది పట్టదు. పిల్లలు మొదటి రాత్రి వదులుగా ఉండే చవక అడాప్టర్ ఏదో తెచ్చి తగిలిస్తారు. గంటల తరబడి 200 వాట్లు లాగే వస్తువుకు అది ప్రమాదం. అలాంటి ప్లగ్ ఉంటే ఆ ఛార్జర్‌కు సరిపోయే చిన్న పిన్నుల మంచి కేబుల్‌ను కొన్నరోజే అడిగి తీసుకోండి. కరెంటు బిల్లు గురించి భయం వద్దు. 200 వాట్లు 5 గంటలు నడిస్తే ఒక్క యూనిట్.

ఇప్పుడు మన ఎండ గురించి చెప్పాలి. యూట్యూబ్‌లో ల్యాప్‌టాప్ పరీక్షలు చూసి కొంటారు మీరందరూ. ఆ పరీక్షలు చాలావరకు ఏసీ గదిలో, 25 డిగ్రీల దగ్గర జరుగుతాయి. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు కాస్తుంది. ఏసీ లేని గదిలో లోపలికి వెళ్లే గాలే వేడి. గాలి ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీలు చేరేసరికి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే ఆట మొదటి పది నిమిషాలు హాయిగా నడిచి, తర్వాత మొరాయిస్తుంది. మెషీన్ చెడిపోయిందని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళతారు, వాళ్లు బాగానే ఉందంటారు. ఇద్దరి మాటా నిజమే.

అందువల్ల మన ప్రాంతంలో కొనేవాళ్లు సన్నదనం మీద మోజు వదులుకోవాలి. రెండు ఫ్యాన్లు ఉండాలి. వెనక, పక్కన గాలి వెళ్లే కంతలు విశాలంగా ఉండాలి. రెండు కిలోల మూడు వందలు, నాలుగు వందల గ్రాములు తూగినా బాధపడకండి, ఆ బరువులో రాగి గొట్టాలు, ఫ్యాన్లు ఉన్నాయి. కొట్లో దాన్ని తిరగేసి అడుగుభాగం చూడండి. జాలీలా కంతలున్న చోటునుంచే అది ఊపిరి పీల్చుకుంటుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే ఆ జాలీ మూసుకుపోతుంది. బల్ల మీద పెట్టి వెనక వైపు కాస్త ఎత్తు పెడితే వేడి కొన్ని డిగ్రీలు దిగుతుంది. సెకనుకు కనిపించే బొమ్మలను, అంటే ఫ్రేములను, 60కి కట్టేసుకునే సెట్టింగ్ ఎన్‌విడియా ప్యానెల్లోనే ఉంది. వేసవిలో ఒంటరిగా ఆడే కథల ఆటలకు అది పెట్టుకుంటే ఫ్యాన్ మోత తగ్గుతుంది, గదిలో పక్క మంచం మీద చదువుకునేవాడు మీకు రుణపడతాడు. ఏడాదికోసారి అడుగు మూత తీయించి దుమ్ము దులిపించడం మరవొద్దు.

ర్యామ్ దగ్గరికి వద్దాం. ఆటలకు 16 జీబీ కావాలి. 8 జీబీ ఇవాళ చాలదు. కానీ 8 జీబీతో వచ్చిన మెషీన్ చెడ్డది కాదు, ఇంకో 8 వేసుకునే చోటుంటే చాలు. ఆ చోటుందో లేదో కొట్లోనే అర నిమిషంలో తెలుస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ కింద మెమరీ నొక్కండి. కుడివైపు అడుగున చిన్న అక్షరాల్లో స్లాట్స్ యూజ్డ్ అని, దాని పక్కన 1 ఆఫ్ 2 అని ఉంటే ఒక స్లాటు ఖాళీగా ఉన్నట్టు. దాని కింద ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటుంది. సోడిమ్ అని ఉంటే తీసి పెట్టుకునే రకం. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకు అతికించేసిన రకం. అది కొన్నరోజు ఎంత ఉందో జీవితాంతం అంతే, కాబట్టి అలాంటిదైతే 16 ఉంటేనే కొనండి. ఒకే 16 జీబీ మాడ్యూల్ కంటే రెండు 8లు వేస్తే ఆటల్లో వేగం బాగుంటుంది, ప్రాసెసర్‌కు రెండు దారులు దొరుకుతాయి.

ఈ సలహాకు ఒక సవరణ చెప్పాలి. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. "ఇప్పుడు 8 కొందాం, తర్వాత చవగ్గా ఇంకో 8 వేద్దాం" అన్న లెక్క అన్నివేళలా కుదరడం లేదు. కొట్లో ఉన్నప్పుడే విడి ర్యామ్ ధర అడగండి. 8 జీబీ మోడల్‌కూ 16 జీబీ మోడల్‌కూ తేడా దానికంటే తక్కువుంటే 16దే తీసుకోండి. ఎస్ఎస్‌డీ అయితే 512 జీబీతో మొదలుపెట్టి, ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకునే రెండో ఎం.2 స్లాటు ఉందో లేదో కనుక్కోండి. రెడ్ డెడ్ 2 ఒక్కటే 150 జీబీ చోటు అడుగుతుంది.

స్క్రీన్ విషయంలో 144 హెర్ట్జ్ అన్న మాటకు అందరూ లొంగిపోతారు. సెకనుకు 144 సార్లు బొమ్మ మారుతుందన్నమాట, అంటే ఒక్కో బొమ్మకు 7 మిల్లీసెకన్లు. 60 హెర్ట్జ్‌లో అది దాదాపు 17. షూటింగ్ ఆటల్లో ఈ తేడా చేతికి తెలుస్తుంది. అయితే కంపెనీలు డబ్బు మిగుల్చుకునేది రంగుల్లో. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలవెలబోయి ఉంటాయి. ఎర్రచీర కాస్తా ఇటుక రంగులో కనిపిస్తుంది. 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని ఉన్నది, 300 నిట్ల వెలుగున్నది దొరికితే రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వండి. అయిదేళ్లు కళ్లెదురుగా ఉండేది అదే. ఫుల్ హెచ్‌డీ చాలు, అంతకంటే ఎక్కువ రిజల్యూషన్‌కు ఈ ధరలోని కార్డుకు ఓపిక లేదు. కార్డు అలసిపోయినచోట డీఎల్ఎస్ఎస్ ఆదుకుంటుంది. చిన్న బొమ్మను గీసి, ఏఐతో పెద్దది చేసి చూపే పద్ధతి అది. ఆర్‌టీఎక్స్ పేరున్న కార్డులన్నిటికీ ఉంది. పాత జీటీఎక్స్ 1650కి లేదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్ ఎంత చవకైనా వద్దు. ఎక్కేదైతే బ్యాటరీ రిపోర్టు తీయించి, కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యంలో ఇప్పుడెంత మిగిలిందో చూడండి.

డబ్బు కట్టే దగ్గర కూడా జాగ్రత్త కావాలి. దసరా, దీపావళి సేల్స్‌లో బ్యాంకు కార్డు డిస్కౌంట్లు నిజంగానే ఉంటాయి. కానీ సేల్ ధర ఎంత తగ్గిందో తెలియాలంటే నెల ముందునుంచీ ఆ మోడల్ ధర రాసిపెట్టుకోవాలి. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని ముందే తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజారుకు వెళ్లగలిగితే, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి మాట్లాడండి. చేత్తో తాకి, తెర చూసి, టాస్క్ మేనేజర్ తెరిచి కొనే వీలు అక్కడే ఉంటుంది. బేరంలో బ్యాగు, మౌసు అడక్కండి. వాటికి బదులు ఇంకో ఏడాది వారంటీ అడగండి. మీ జిల్లాలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో, ఇంటికి వచ్చి బాగుచేస్తారో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. ఇల్లు వదలని పిల్లలైతే డెస్క్‌టాప్ గురించి కూడా ఆలోచించండి. అదే డబ్బుకు బలం ఎక్కువ, కార్డు మార్చుకునే వీలూ ఉంటుంది.

నన్నడిగితే 70 వేలు చేతిలో ఉన్నవాళ్లు ఐ-ఫైవ్ హెచ్ చిప్, 6 జీబీ మెమరీతో 75 వాట్లకు తగ్గని కార్డు, ఖాళీ ర్యామ్ స్లాటు, వీలైతే మంచి రంగుల తెర ఉన్నది తీసుకోవాలి. అందులో 4050 దొరికితే అదృష్టం. దొరక్కపోతే 6 జీబీ 3050తో తృప్తి పడొచ్చు. మూత మీద ఎవరి పేరుందన్నది దాని తర్వాతి మాట.

కొట్టు నడిపేవాళ్లు ఎవరైనా వింటుంటే వాళ్లకు నా విన్నపం. ధర చీటీ మీద ర్యామ్, స్టోరేజి రాస్తున్నారు. దాని కిందే గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లో, ర్యామ్ స్లాటు ఖాళీ ఉందో లేదో కూడా రాయండి. రెండు పంక్తులే. అప్పు చేసి కొనే తండ్రికి అంతకంటే పెద్ద సాయం మీరు చేయలేరు. కొన్నవాళ్లేమో పెట్టె తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి, బిల్లు మీద సీరియల్ నెంబరు సరిచూసుకోండి. ఇచ్చిన మెషీన్ మార్చుకునే గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ గడువు దాటకముందే ఒక మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, మీరు ఆడే అన్నిటికంటే బరువైన ఆటను గంటసేపు ఆపకుండా ఆడించి చూడండి. తేడా కనిపిస్తే మర్నాడే కొట్టుకు వెళ్లండి, ఆలస్యం చేయొద్దు.